కిరాయికిచ్చిన ఇల్లు పాడవకుండా ఉండాలంటే: హన్మకొండలో ఇల్లున్న ఒకరికి నా సమాధానం

మిగతావాళ్లకు కూడా అర్థమవడానికి మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. హన్మకొండలో గోపాల్‌పూర్ వైపు మీ నాన్నగారు కట్టిన ఇల్లుంది. కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. కింద నాలుగేళ్లు ఉన్న కుటుంబం ఖాళీ చేశాక వెళ్లి చూస్తే బాత్రూం తలుపు అడుగున కుళ్లిపోయింది, వంటింట్లో సింకు కింది అలమారాకు చెదలు పట్టాయి, హాలు గోడ ఉబ్బి పెచ్చులూడుతోంది. రిపేర్లకు, రంగులకు కలిపి లక్ష దాకా అయింది. చేతిలో ఉన్నది రెండు నెలల అడ్వాన్సే. ఇకమీదట ఆరు నెలల అడ్వాన్స్ తీసుకోవాలా, అగ్రిమెంట్‌లో జరిమానాలు రాయాలా, బ్యాచిలర్లకు ఇవ్వకుండా ఉండాలా, అసలు తాళం వేసి ఉంచుకోవడమే నయమా అని అడిగారు. పై పోర్షన్ వాళ్లు ఏసీ పెట్టుకుంటామంటున్నారు, ఒప్పుకోవాలా అని చివర్లో ఇంకో మాట.

నేను సుబేదారిలో, కాజీపేటలో పోర్షన్లు కిరాయికివ్వడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. బదిలీ మీద వచ్చిన రైల్వేవాళ్లు, ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసే నర్సులు, కాకతీయ యూనివర్సిటీలో చదివే పిల్లలు, కొత్తగా పెళ్లయిన జంటలు, రిటైరైన టీచర్లు, అందరూ ఉన్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీరు రాసిన నష్టాల వరస మళ్లీ ఒకసారి చదవండి. తలుపు, అలమారా, గోడ. మూడూ నీళ్ల వల్లే పాడయ్యాయి. ఎవరూ కావాలని పగలగొట్టినవి కావు. సింకు కింద పైపు జాయింటు దగ్గర చుక్క చుక్కగా కారి ఉంటుంది, ఆ చెమ్మకు చెదలు వచ్చి ఉంటాయి. బాత్రూంలో టైల్స్ మధ్య సిమెంటు ఊడి, నీళ్లు గోడలోకి దిగి, అవతలి వైపు హాల్లో ఉబ్బు కనిపించి ఉంటుంది. ఇదంతా ఒక్క రోజులో జరిగేది కాదు. చుక్క కారడం మొదలైన రోజే ఆ వంటింట్లో పనిచేసేవాళ్లు చూసి ఉంటారు. కింద ఒక గిన్నె పెట్టి ఉంటారు. మీకు మాత్రం ఫోన్ చేయలేదు. ఆ రోజు ప్లంబర్ వస్తే కొన్ని వందలతో పోయేది.

ఎందుకు ఫోన్ చేయలేదన్నదే మీరు ఆలోచించాల్సిన విషయం. కిరాయికి ఉన్నవాళ్లను కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే చాలామంది చెప్పే కారణాలు మూడే. ఓనర్‌కు చెబితే "మీరే పాడుచేశారు" అంటాడని భయం. ఖర్చు తమ మీదే వేస్తాడని అనుమానం. లేదంటే పోయినసారి చెప్పినప్పుడు నెల దాటినా ఎవరూ రాలేదన్న విసుగు. చిన్న రిపేరు కనిపించిన రోజే వాళ్లు జంకు లేకుండా మీకు ఫోన్ చేయగలగాలి. ఇంటిని కాపాడుకోవడంలో దీన్ని మించింది ఏదీ లేదని నా గట్టి నమ్మకం. ఆ ఫోన్ రాకపోతే ఆరు నెలల అడ్వాన్స్ ఉన్నా ఇల్లు పాడవుతూనే ఉంటుంది. మీరు దూరంగా ఉన్నారు కాబట్టి మీకు ఇది మరీ అవసరం.

అందుకు నేను చేసే ఏర్పాటు ఇది. ఇంట్లో దిగిన రోజే నాకు నమ్మకమైన ప్లంబర్ నంబరు, ఎలక్ట్రీషియన్ నంబరు ఇస్తాను. వెయ్యి రూపాయల లోపు పని అయితే నన్ను అడగాల్సిన పనే లేదు, పిలిపించి చేయించుకుని బిల్లు ఫొటో పంపండి, వచ్చే నెల కిరాయిలో తగ్గించి ఇవ్వండి అంటాను. అంతకు మించితే నాకు వాట్సాప్‌లో వీడియో పంపితే చాలు, పనివాడితో నేనే మాట్లాడి ఫోన్‌పేలో నేరుగా డబ్బులు పంపుతాను. దీన్ని అలుసుగా తీసుకుంటారేమోనని చాలామంది ఓనర్లు భయపడతారు. ఇన్నేళ్లలో అలా చేసినవాళ్లు చాలా అరుదు. మామూలుగా నల్లా వాషరు, ట్యాంకు బాల్ వాల్వు, ఫ్లష్, ఫ్యాన్ కండెన్సర్ లాంటివే వస్తాయి. ఏడాది మొత్తం కలిపినా ఒక కుళ్లిన తలుపు ఖరీదు కాదు.

చట్టం కూడా ఇదే వైపు ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో రెండు వైపుల బాధ్యతలూ ఉన్నాయి. కిరాయిదారు ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి, సహజమైన అరుగుదలకు, మనిషి చేతిలో లేని విపత్తులకు మినహాయింపు ఉంది. ఓనర్ తగిన వేళల్లో వచ్చి ఇంటిని చూసుకోవచ్చు. కిరాయిదారు తప్పు వల్ల ఏదైనా పాడైతే నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో వాళ్లు బాగుచేయించాలి. అదే సెక్షన్‌లో, ఓనర్ చేయించాల్సిన రిపేరు చెప్పినా చేయించకపోతే కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చని కూడా ఉంది. మొదటి భాగం మనకందరికీ గుర్తుంటుంది. రెండో భాగం గుర్తుపెట్టుకున్న ఓనర్ ఇల్లే బాగుంటుంది.

ఇక నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, డబ్బంతా పోయేది అక్కడే కాబట్టి.

గోడ మీద చెమ్మ కనిపించగానే రంగుల మనిషిని పిలవకండి. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. వానలు పడ్డప్పుడే కనిపించి ఎండలకు ఆరిపోతే అది స్లాబు నుంచో, బయటి గోడ పగుళ్ల నుంచో వస్తున్నది. ఏడాది పొడవునా ఉంటే పైపులోనో, బాత్రూంలోనో ఉంది లోపం. నేల నుంచి మూడడుగుల లోపే తెల్లగా ఉప్పు పొంగినట్టుంటే పునాది చెమ్మ పైకి పాకుతోందని అర్థం. పైపు అనుమానం ఉంటే ఒక సులువైన పరీక్ష ఉంది. రాత్రి అందరూ పడుకునే ముందు మోటారు ఆపి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత గీయండి. తెల్లవారి ఎవరూ నల్లా తిప్పకముందే చూడండి. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. వచ్చే దారి మూయకుండా పుట్టీ పెట్టి రంగు వేస్తే మళ్లీ వానాకాలానికి అదే చోట ఊడి వస్తుంది.

స్లాబు మీద నీళ్లు నిలవనివ్వకూడదు. పిట్టగోడ మూలల్లో, నీళ్లు దిగే పైపు మూతి దగ్గర వేపాకులు, చెత్త పేరుకుంటాయి. మిరుగు రాకముందే, అంటే మే ఆఖరుకల్లా, ఒక మనిషిని పెట్టి మేడ ఊడ్పించి ఆ పైపులో రెండు బకెట్లు పోసి చూడాలి. నిలిచిన నీళ్లు మెల్లగా లోపలికి దిగితే ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఎక్కువ చోటు తీసుకుంటుంది, దాంతో కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. సజ్జల కింద, మెట్ల కింద చువ్వలు బయటపడ్డ ఇళ్లు మన దగ్గర ఎన్నో చూస్తున్నాం. అక్కడిదాకా వస్తే ఖర్చు వేలల్లో ఆగదు.

బాత్రూంకు చెక్క ద్వారబంధం, చెక్క తలుపు ఇక పెట్టకండి. గ్రానైట్ ఫ్రేము పెట్టించి పీవీసీయో, ఫైబరో తలుపు బిగిస్తే నీళ్ల బాధ ఉండదు. పక్కనే కరీంనగర్ గ్రానైట్ దొరికే చోట మనకు ఇది పెద్ద ఖర్చు కాదు. టైల్స్ సందుల్లో మామూలు తెల్ల సిమెంటు బదులు నీళ్లు పీల్చని ఎపాక్సీ పూత పెట్టించండి. ఇంకో ముఖ్యమైన మాట, బాత్రూం కడగడానికి యాసిడ్ వాడొద్దని దిగేటప్పుడే చెప్పండి. బోరు నీళ్ల తెల్లటి ఉప్పు మరకలు పోతాయని చాలామంది యాసిడ్ పోస్తారు. మరకతో పాటు టైల్స్ మధ్య సిమెంటూ పోతుంది, నల్లాల మెరుపు పోతుంది, కింది జాలీ తుప్పు పడుతుంది. ఆ తరువాతే నీళ్లు గోడలోకి దిగడం మొదలవుతుంది. వద్దని చెప్పి ఊరుకోకుండా, ఉప్పు మరకలకు వేడినీళ్లలో వెనిగర్ కలిపి రుద్దమని చెబుతాను. అయితే వెనిగర్ కూడా పుల్లనిదే కాబట్టి నాపరాళ్లు, మార్బుల్ మీద వాడొద్దని చెప్పడం మరవను.

వంటింట్లో సింకు కింద తలుపులు పెట్టిన అలమారా మన ఇళ్లకు పనికిరాదని నా అభిప్రాయం. కనబడకుండా ఉన్నచోటే చెమ్మ, చెదలు. ఖాళీగా వదిలేస్తే పైపు కారితే అదే రోజు తెలుస్తుంది. చెదల మట్టి గీతలు గోడ మీద కనిపిస్తే చీపురుతో దులిపి ఊరుకోకుండా ఫోన్ చేయమనండి. దులిపితే దారి మారుస్తాయి, పోవు.

వేసవిలో కూలర్ సంగతి చాలామంది పట్టించుకోరు. వరంగల్ ఎండల్లో మార్చి నుంచి జూన్ దాకా ప్రతి కిటికీకి ఒక కూలర్ ఉంటుంది. నీళ్లు పోసేటప్పుడు ఒలికినవి, గడ్డి ప్యాడ్ల నుంచి చిమ్మేవి అన్నీ కిటికీ చట్రం మీద, కింది గోడ మీద పడతాయి. నాలుగు వేసవులకు చెక్క కిటికీ ఉబ్బి తలుపు పట్టదు. బయట ఇనుప స్టాండు మీరే బిగించి ఇవ్వండి, కూలర్ కిటికీని ఆనకుండా నాలుగు అంగుళాలు ఎడం ఉండేలా. అంతకన్నా ముఖ్యమైంది కరెంటు. ఇనుప బాడీ, నీళ్లు, తడి చేతులు. ప్రతి వేసవిలో కూలర్ షాక్‌తో మనుషులు చనిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే స్విచ్, పెట్టించండి. ఇల్లు కాపాడుకోవడం గురించి మాట్లాడుతున్నాం గానీ ఆ ఇంట్లో ఉన్న మనుషులు మొదట.

గోడలకు మేకులు కొట్టొద్దని అగ్రిమెంట్‌లో రాయడం నేను మానేశాను. మనుషులు ఇంట్లో ఉంటే దేవుడి పటం పెట్టుకోవాలి, కర్టెన్ కట్టుకోవాలి, టీవీ తగిలించుకోవాలి, బట్టలు ఆరేసుకోవాలి. ఆ చోట్లు మనమే ముందుగా చేసి పెడితే వాళ్లు ఎక్కడంటే అక్కడ కొట్టరు. ప్రతి కిటికీకి కర్టెన్ రాడ్, హాల్లో టీవీ పాయింటు దగ్గర ఒక బోర్డు, వంటింట్లో ఒక బండ షెల్ఫు, దేవుడి గూటి వెనక దీపం మసి పట్టకుండా టైల్స్, బాల్కనీలో దండెం. పడకగది స్లాబుకు ఉయ్యాల కొండి తప్పకుండా ఉండాలి. చంటిపిల్ల పుడితే ఉయ్యాల కట్టకుండా ఉండరు. కొండి లేకపోతే ఫ్యాను కొక్కేనికి కడతారు, అది ప్రమాదం. గోడలో పైపులు, వైర్లు ఎటు వెళ్లాయో ఒక కాగితం మీద గీసి తలుపు వెనక అంటిస్తాను. డ్రిల్ వేసే ముందు చూసుకుంటారు.

రంగులు కడిగితే పోని రకం వేయించండి, చౌక డిస్టెంపర్ వద్దు. మూడు పోర్షన్లకూ ఒకే రంగు, ఒకే నంబరు. మిగిలిన డబ్బా మూత గట్టిగా పెట్టి దాచండి. పిల్లలు గోడ మీద బొమ్మలు వేసినా ఆ గోడ ఒక్కటే అద్దుకోవచ్చు, ఇల్లంతా వేయించాల్సిన పని ఉండదు.

తాళం వేసి ఉంచడం నయమా అన్నారు. నయం కాదు. ఖాళీ ఇల్లు ఇంకా తొందరగా పాడవుతుంది. మనిషి తిరగని ఇంట్లో చెదలు నిశ్చింతగా ఎక్కుతాయి. బాత్రూం ట్రాపుల్లో, అంటే వాసన రాకుండా నీళ్లు నిలిచే పైపు వంపుల్లో, నీళ్లు ఆవిరైపోయి డ్రైనేజీ వాసన, బొద్దింకలు ఇంట్లోకి వస్తాయి. నల్లాల వాషర్లు ఎండి బిగుసుకుపోతాయి. కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మన హన్మకొండలో అవి ట్యాంకు మూతలు తీసి పారేస్తాయి, కేబుల్ వైర్లు తెంపుతాయి, సోలార్ హీటర్ గొట్టాలు పగలగొడతాయి. మనుషులుంటే అరిచి తోలుతారు. ఖాళీ ఇల్లయితే ట్యాంకు మూత లేకుండా ఎన్నాళ్లున్నా తెలియదు. తప్పనిసరిగా కొన్నాళ్లు ఖాళీగా ఉంచాల్సి వస్తే మూతకు ఇనుప జాలీ తాళం వేయించి, వారానికోసారి ఎవరైనా వచ్చి కిటికీలు తెరిచి, ప్రతి ట్రాపులో చెంబెడు నీళ్లు పోసి వెళ్లేలా చూసుకోండి.

పల్లపు కాలనీల్లో ఇళ్లున్నవాళ్ల కోసం ఒక మాట. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరద వచ్చినప్పుడు నయీంనగర్, హంటర్ రోడ్ వైపు ఇళ్లలోకి నీళ్లెలా వచ్చాయో మనందరం చూశాం. అలాంటి చోట స్విచ్‌బోర్డులు, మీటరు ఎత్తులో ఉండాలి, సంపు మూత నేల మట్టానికి పైకి లేపి కట్టాలి, డ్రైనేజీ పైపుకు నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టించాలి. నీళ్లు తీశాక తొందరపడి రంగులు వేయొద్దు. గోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. బోర్డులు విప్పి ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయొద్దు. ఆ నష్టాన్ని కిరాయిదారు అడ్వాన్స్‌లో కోయడం మాత్రం అన్యాయం. చట్టం ప్రకారం కూడా కుదరదు, ఇందాక చెప్పిన మినహాయింపు సరిగ్గా దీనికే ఉంది. పైగా ఆ వరదలో వాళ్ల బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయి ఉంటాయి.

ఎవరికివ్వాలన్నది తరువాత ప్రశ్న. బ్యాచిలర్లా, కుటుంబమా అన్నది చూసి ఇల్లు ఎలా ఉంచుతారో చెప్పలేం. డ్యూటీ షిఫ్టుల్లో ఉండే నర్సులు నా దగ్గర ఉంచినంత శుభ్రంగా ఇంకెవరూ ఉంచలేదు. కులం అడిగి, మాంసం తింటారా అని అడిగి ఇల్లు ఇచ్చేవాళ్లు మన ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. అది తప్పు. ఇంటి శుభ్రతతో దానికి ఏ సంబంధమూ లేదు. మీరు చూడాల్సింది ఎంతమంది ఉంటారన్నది. ఒకే బాత్రూం ఉన్న పోర్షన్‌లో ఆరుగురు విద్యార్థులుంటే వాళ్లెంత మంచివాళ్లయినా ట్రాపులు, సెప్టిక్ ట్యాంకు తట్టుకోలేవు. సంఖ్య అగ్రిమెంట్‌లో రాసుకోండి. వీలైతే అంతకుముందున్న ఇంటి ఓనర్‌తో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడండి. ఇప్పుడున్న ఓనర్ ఖాళీ చేయించుకోవాలన్న తొందరలో మంచిగానే చెప్పొచ్చు, అంతకుముందటి ఓనర్ ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. చుట్టాలు వచ్చిపోవడం మీద మాత్రం పట్టింపు పెట్టుకోవద్దు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లేవాళ్లు హన్మకొండలో చుట్టాలింట్లో ఆగి పోతారు. ఆ నాలుగు రోజులూ ఇల్లు కిటకిటలాడుతుంది. జాతర అయ్యాక డ్రైనేజీ చాంబర్లు ఒకసారి తీయించి చూసుకుంటే చాలు.

అగ్రిమెంట్ తెలుగులో రాయించండి. టైపింగ్ సెంటర్లో దొరికే ఇంగ్లిష్ నమూనా మీద సంతకం పెట్టినవాళ్లు దాన్ని చదవరు. 11 నెలలకు రాసుకోవడం మామూలే, ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. ఏ రిపేరు ఎవరిది, ఎంతమంది ఉంటారు, ఒక రోజు ముందు చెప్పి ఓనర్ చూడటానికి రావచ్చు, ఖాళీ చేసేముందు నెల నోటీసు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి. ఇవి స్పష్టంగా ఉంటే చాలు. మేకుకు ఇంత, మరకకు ఇంత అని జరిమానాలు రాస్తే అవి కోర్టులో అలాగే చెల్లుతాయని అనుకోవద్దు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అక్కడ రాసిన అంకె గరిష్ఠం మాత్రమే, దానికి లోబడి న్యాయమైన పరిహారమే దక్కుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ జరిమానాల పట్టిక చదివిన మనిషి పైపు కారుతోందని మీకు ఎందుకు చెబుతాడు?

కాగితం కన్నా వీడియో ఎక్కువ పనిచేస్తుంది. తాళంచెవి ఇచ్చే రోజు పగటిపూట, కరెంటు ఉన్నప్పుడు, వాళ్లతో కలిసి ఇల్లంతా తిరుగుతూ వీడియో తీయండి. ప్రతి నల్లా తిప్పి, ప్రతి స్విచ్ వేసి, ఫ్లష్ నొక్కి, కిటికీ అద్దాలు, దోమల జాలీలు దగ్గరగా చూపిస్తూ. అప్పటికే ఉన్న పగుళ్లు, మరకలు ముఖ్యంగా తీయండి. అది వాళ్లకు రక్షణ. మీరు ఆ లోపాలు దాచకుండా తీస్తుంటే వాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది. వెంటనే వాట్సాప్‌లో వాళ్లకు పంపేయండి, తేదీతో సహా ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది. మీటరు రీడింగ్ ఫొటో కూడా. ఆ తరువాత వానలకు ముందు ఒకసారి, దసరా దగ్గర వానలు తగ్గాక ఒకసారి వెళ్లి చూస్తే సరిపోతుంది. వెళ్లినప్పుడు సామాను ఎలా పెట్టుకున్నారు, వంటగట్టు తుడిచారా లేదా అని వ్యాఖ్యానాలు చేయకండి. అది వాళ్ల సంసారం. "ఎక్కడైనా చెమ్మ ఉందా, ఏ స్విచ్ అయినా వేడెక్కుతోందా" అని రెండు మాటలు అడిగి, మేడ మీదకు వెళ్లి చూసి వచ్చేయండి. మీరు రాలేకపోతే పక్కింటివాళ్లను కాకుండా ఒక మేస్త్రీనో, ప్లంబర్‌నో డబ్బులిచ్చి పంపండి. పక్కింటివాళ్లను పెడితే అది నిఘాలా ఉంటుంది.

అడ్వాన్స్ రెండు నెలలే ఉంచండి. ఆరు నెలలు అడిగితే మంచివాళ్లు వేరే ఇల్లు చూసుకుంటారు. మీరు మార్చాల్సింది అడ్వాన్స్ తిరిగిచ్చే పద్ధతి. ఖాళీ చేసేటప్పుడు "రంగులకు ఒక నెల" అని కళ్లు మూసుకుని పట్టుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఇల్లు అద్దంలా ఉంచినా పోయే డబ్బే అయినప్పుడు ఆఖరి నెలల్లో ఎవరు జాగ్రత్తగా ఉంటారు? చాలామంది ఆఖరి రెండు నెలలు కిరాయి కట్టడం ఆపేసేది కూడా అందుకే. మంచి రంగు అయినా నాలుగైదేళ్లే ఉంటుంది. మూడు, నాలుగేళ్లు ఉన్నవాళ్ల దగ్గర రంగుల ఖర్చు వసూలు చేయడం సబబు కాదు. రంగు వెలవడం, మేకు రంధ్రాలు, నేల మీద మంచం కాళ్ల గీతలు, ఇవన్నీ అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్, విరిగిన తలుపు గొళ్లెం, కాలిన స్విచ్‌బోర్డు, చినిగిన జాలీ, ఇవి నష్టం. నష్టానికి కూడా వస్తువు వయసు చూసి పట్టుకోవాలి. పదేళ్ల వాష్‌బేసిన్ పగిలితే కొత్తదాని పూర్తి ధర అడగకూడదు. పాత వీడియో ఫోన్‌లో పెట్టుకుని మళ్లీ ఇద్దరూ కలిసి తిరగండి, పట్టుకునేది ఏదైనా ఉంటే బిల్లు చూపించండి, మిగతాది సామాను బండి కదిలేలోపే పంపేయండి. ఆ పేరు ఊళ్లో పాకుతుంది. నాకు టూలెట్ బోర్డు పెట్టాల్సిన అవసరం ఎప్పుడో తప్ప రాదు, ఖాళీ చేసేవాళ్లే తమకు తెలిసినవాళ్లను తెస్తారు.

బాగా చూసుకునేవాళ్లు దొరికితే కిరాయి పెంపు దగ్గర పట్టుదలకు పోవద్దు. ఏటా పది శాతం అని రాసుకున్నా ఐదు తీసుకుని ఉంచుకోండి. వాళ్లు పోతే నెల రెండు నెలలు ఖాళీ, మళ్లీ రంగులు, కొత్తవాళ్లు ఎలాంటివాళ్లో అన్న టెన్షన్.

అరుదుగా, ఎంత చెప్పినా వినకుండా ఇంటిని నాశనం చేసేవాళ్లు తగులుతారు. అప్పుడు నల్లా కట్టేయడం, కరెంటు తీసేయడం, తాళం వేయడం లాంటివి చేయకండి. కేసు మీ మీదకే తిరుగుతుంది. లోపాలు వివరిస్తూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, ఫొటోలు ఉంచుకోండి, మన రెంట్ కంట్రోల్ చట్టం మీ ఇంటికి వర్తిస్తుందో లేదో సివిల్ కేసులు చూసే లాయర్‌ను అడిగి ముందుకు వెళ్లండి. వర్తిస్తే, ఇంటి విలువ తగ్గేలా పాడుచేయడం ఖాళీ చేయించడానికి ఒక కారణమే.

ఇక పై పోర్షన్ ఏసీ. ఒప్పుకోండి. మే నెలలో పైన స్లాబు కింద పడుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు, మీరు వద్దంటే వాళ్లు చెప్పకుండా ఉన్న ప్లగ్గుకే తగిలిస్తారు, పాత వైరు కాలుతుంది. మెయిన్ నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, దానికి సొంత ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్, పెట్టించండి. ఆ లైను ఖర్చు మీరే పెట్టుకోండి, వాళ్లు వెళ్లినా అది మీ ఇంట్లోనే ఉంటుంది. ఏసీ బిగింపు ఖర్చు వాళ్లది. మూడు పోర్షన్లకూ విడివిడి మీటర్లు లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించేయండి. 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా అది వర్తిస్తుంది. రెండిళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే ఆ లాభం పోతుంది, గొడవలు కూడా వస్తాయి. ఏసీ పెట్టాక మన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ ఆఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు ఇవ్వండి. బయటి యూనిట్‌ను సజ్జ మీద కూర్చోబెట్టనివ్వకండి, గోడకు బ్రాకెట్ వేసి బిగించమనండి. గోడకు వేసే రంధ్రం బయటి వైపుకు కొద్దిగా వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి వస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్ల పైపును కింది పోర్షన్ గోడ మీద పడేలా వదిలేయకుండా వాన నీళ్ల గొట్టంలోకి కలిపించండి. బిగించేవాడు వచ్చే రోజు మీ ఎలక్ట్రీషియన్ కూడా అక్కడ ఉండేలా చూసుకోండి.